మోచేతికి ఆనిన చెయ్యి

ఆ డాన్సు మాస్టారు ఏ వస్తువునైనా రెండు చేతులతో, పండిన మామిడిపండును గడ్డిలో పెట్టినంత నెమ్మదిగా కింద పెట్టేవారు. కాఫీ గ్లాసైనా అంతే. ఎనభైల్లో నూజివీడులో కొత్తరకం నాట్యోత్సవం ఒకటి జరపాలని ఆయనా, మావారూ మా వసారాలో కూర్చుని ఆలోచించేవారు.

తోటల్లో ఆడవాళ్ళు ఎండుగడ్డి పరిచి కాయలు మాగవేసే తీరునే నాట్యంగా మలచాలనీ, పాటేమీ లేకుండా దానితోనే ఉత్సవం మొదలుపెట్టాలనీ మాస్టారి కోరిక. హాలు ఇస్తానన్న పెద్దాయన ఒకరోజు మా వసారాలో ఈ మాట వినగానే అడ్డం తిరిగారు.

"దేవుడి పాట లేకుండా మొదలెడతారా మాస్టారూ? అయితే నా హాలు సంగతి మర్చిపోండి."

మాస్టారు గ్లాసు మెల్లగా కింద పెట్టి నావైపు తిరిగారు.

"అమ్మా, పొద్దున్నే దేవుడికి పువ్వు ఎలా పెడతారో ఒక్కసారి చూపిస్తారా?"

సిగ్గుపడుతూనే ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించి, ఒక మందారం పళ్ళెంలో పెట్టి చూపించాను.

"అప్పుడేం పాడతారమ్మా?"

"ఏమీ పాడనండీ. ఊరికే పెడతాను."

పెద్దాయన నవ్వేశారు.

"మా ఆవిడైతే పువ్వు పెడుతూనే నన్ను తిడుతుందయ్యా. ఈ పద్ధతే నయం. కానివ్వండి."

ఉత్సవం రోజున హాలంతా నిశ్శబ్దంగా ఉండగా, విస్సన్నపేట అమ్మాయి ఒకతె వేదిక మీద గడ్డి పరిచి మొదటి మామిడికాయ పెట్టింది. ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించి పెట్టింది.

బడి గడప తొక్కని దాన్ని. నా చేతిలోనూ నేర్చుకోదగింది ఉందని ఆయన చూశారు. ఇప్పటికీ రోజూ దేవుడికి పువ్వు పెట్టాక, రెండోది ఆ మాస్టారి పేరున పెడతాను.