రారిటన్ ఒడ్డున ఒక బొడ్రాయి

పాఠక మహాశయులకు సాష్టాంగపడి క్షమాపణలు. ఈ వ్యాసంలో నయాగరా లేదు, గ్రాండ్ కాన్యన్ లేదు, కొండ అంచున చేతులు చాచిన నా ఫొటో కూడా లేదు. అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం పిస్కాటవేలోని మా అపార్ట్‌మెంట్ నుంచి మూడు మైళ్లు వెళ్లి, రోడ్డు పక్కన ఇనుప స్తంభానికి బిగించిన ఒక పలకను దర్శించి వచ్చిన మహాయాత్ర ఇది. పాల ప్యాకెట్ కోసం ఇంతకంటే ఎక్కువ దూరం వెళ్తామని మీరు నవ్వవచ్చు. బయలుదేరే ముందు నేనూ నవ్వాను.

కారణం సుగుణ ఆంటీ. నా రూమ్మేట్ కిరణ్ వాళ్ల అమ్మ. జనగామ దగ్గర పల్లెలో బట్టలు కుడతారు. కొడుకు దగ్గర మూడు నెలలు ఉండటానికి వచ్చారు, ఆదివారం తిరుగు విమానం. గుడికి వెళ్లినా, కూరగాయలకు వెళ్లినా రారిటన్ నది పక్క రోడ్డులో ఒక నీలం పలక కారు కిటికీలోంచి సర్రున దాటిపోయేది. "అండ్ల ఏం రాసిన్రురా?" అని ఆమె అడిగేలోపు అది వెనక్కి వెళ్లిపోయేది. "హిస్టరీ అమ్మా" అంటూ కిరణ్ ఇంకాస్త స్పీడ్ పెంచేవాడు.

అక్కడ పూర్వం రారిటన్ ల్యాండింగ్ అనే రేవు ఊరు ఉండేదట అని శుక్రవారం అన్నాలు తింటూ నేను నోరు జారాను. అంతే, ఆంటీ లెక్కలో ఆ పలక బొడ్రాయి అయిపోయింది. వాళ్ల వైపు ఊరి నడుమ పాతి, నీళ్లు పోసి మొక్కే రాయి అది. ఊరికి బొడ్డు లాంటిది.

"మూడు నెల్లు ఈ ఊరి నీళ్లు తాగిన. నా కొడుకు ఈడనే ఉంటడాయె. ఊరికి చెప్పకుంట ఎట్ల పోత?"

"ఆంటీ, అది గవర్నమెంట్ వాళ్లు పెట్టిన బోర్డండీ" అన్నాను, మాస్టర్స్ చదివేవాడికి తగిన గాంభీర్యంతో.

"మా బొడ్రాయి మొగులు మీదికెల్లి ఊడిపడ్డదా? అదీ ఎవరో పెట్టిందే."

సరే, తీసుకెళ్తామన్నాను. ఆంటీ ఒక్క షరతు పెట్టారు. ఊరు బతికి ఉండాలి. పాడుపడ్డ ఊరికి నీళ్లు పోసి కొడుకును అప్పగిస్తే, ఆ పాడు కొడుక్కి చుట్టుకుంటుందని ఆమె భయం. కిరణ్‌కు శనివారం డ్యూటీ. కనుక పలక చదివే పురోహితుడిగా నన్ను నియమించారు.

పొద్దున ఎనిమిదిన్నరకు క్యాబ్ ఎక్కాం. జాన్సన్ పార్క్ పార్కింగ్ దాకా పదకొండు డాలర్లు. ఆంటీ ఒళ్లో నీళ్ల చెంబు, అందులో పసుపు, వేపాకు దొరక్క కరివేపాకు రెమ్మ. గడ్డం నెరిసిన డ్రైవర్ అద్దంలోంచి చెంబును చూశాడు. "నీళ్లా? అక్కడ నది ఉంది కదా!" అన్నాడు ఇంగ్లీషులో. విషయం చెబితే తల గోక్కున్నాడు. "ఆ బోర్డు రోజూ చూస్తాను బాబూ, ఒక్కసారీ చదవలేదు."

నది మీద పొగమంచు దుప్పటిలా పరుచుకుని ఉంది. అవతలి ఒడ్డు లేదు, వంతెన సగమే ఉంది. బాతులు ఎక్కడినుంచో అరుస్తున్నాయి. తడి గడ్డిలో నడుస్తుంటే, తెరచాప దించుకుని గోధుమ బస్తాల పడవ ఒకటి ఇప్పుడే ఈ మంచులోంచి వచ్చి ఆగుతుందేమో, ఎవరో తాడు విసిరి పట్టుకోమంటారేమో అనిపించింది. ఆంటీ కూడా నెమ్మదిగా నడిచారు, నిద్రపోతున్న ఇంట్లో నడిచినట్టు.

పలక దగ్గర నేను గొంతు సవరించుకున్నాను. రేవు, గిడ్డంగులు, వర్తకులు, తర్వాత యుద్ధం, సైన్యాలు అన్నీ తెలుగులో వినిపించాను.

"మరి ఊరు?" అన్నారు ఆంటీ, చెంబు గట్టిగా పట్టుకుని. "ఉన్నదా, పోయిందా?"

"కొంచెం అవతలికి జరిగిందండీ" అని పార్కులో కనిపిస్తున్న పాత చెక్క ఇళ్ల వరుస చూపించాను.

"జరుగుడైతే ఏంగాదు. మేమూ వరదలప్పుడు జరిగినం." ఆమె స్తంభం మొదట్లో నీళ్లు పోశారు. "అమ్మా, మా పిలగాని పేరు కిరణ్. జర సూస్కో. పొద్దుగాల ఏం తినడు, సూటిగ అడిగితే తిన్న అంటడు."

వెనక కార్లు సర్రున పోతూనే ఉన్నాయి. వాటిలో ఎన్నోసార్లు నేనూ పోయాను. ఒక ఊరికి మన పేరు చెప్పి, మన మనిషిని అప్పజెప్పవచ్చని ఇక్కడున్న రెండేళ్లలో నాకు తట్టలేదు. నాకూ ఈ ఊరికీ మధ్య ఉన్నది అద్దె, అడ్రసు అంతే.

వెళ్లేవారికి ఒక సలహా. రోడ్డు పక్కన కారు ఆపే చోటు లేదు. పార్కింగ్ ఉచితమే గనుక పార్కులో ఆపి నడవండి, తడిసినా ఫరవాలేదనుకునే బూట్లు వేసుకోండి.

ఇక ఈ మహాయాత్రలో నేను నిజంగా చేసిన పని ఒక్కటే. ఊరు జరిగిందని ఆ పలక మీద లేదు. ఊరు మిగల్లేదని ఉంది. ఆ చెక్క ఇళ్లు వేరే ఊళ్లనుంచి తెచ్చి నిలబెట్టినవి. నాకు తెలుసు. కానీ అప్పుడు ఆంటీ చెంబు పట్టుకుని నా మొహమే చూస్తున్నారు.