బొట్టు పెట్టిన చిలక

నిన్న ఫోన్‌లో ఏదో ప్రకటన, "మీ ఫోన్ శుభ్రం చేయమంటారా?" అని అడిగింది. అనకాపల్లిలో మా డీటీపీ షాపు చిలక గుర్తొచ్చింది.

ఇంటర్నెట్‌లో అదే ఎదురొచ్చి కంప్యూటర్ వేగం పెంచుతానంటే నమ్మి, పదేళ్ల వయసులో నేనే ఆ చిలక బొమ్మ ప్రోగ్రాంను ఎక్కించాను. తెర మూలన కూర్చుని పలకరించేది. దసరా పూజలో నాన్న తెర మీదే దానికీ బొట్టు పెట్టాడు. అది వచ్చాకే, శుభలేఖ టైపు చేస్తుంటే అక్షరాల మీద ప్రకటనలు పడటం మొదలైంది.

"తీసేత్తాను నాన్నా."

"సాయం సేత్తన్నదాన్ని గెంటేత్తావేటే? పూజ కూడా సేసేం!"

"సాయానికొచ్చింది పని సెడగొడతాదేటి?"

కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి తీసేస్తుంటే చిలక ఏడుపు ముఖం పెట్టి, "నిజంగా పొమ్మంటారా?" అంది. అవునని నొక్కాను. ప్రకటనలు ఆగాయి. తెర మీద బొట్టొక్కటే మిగిలింది.

పిలవకుండా సాయానికొచ్చే వాళ్లను నేనిప్పటికీ గుమ్మంలోనే నిలబెడతాను. మర్యాద కాదంటారు. కాకపోనీ.