మంచి గడ్డను చెడ్డదన్నాను

నా భర్త కడుపు గురించి నేనాడిన ఒక అబద్ధం ఏళ్ళ తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరు నన్నెరుగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది రామన్నపేట దగ్గర ఊరు. గొర్లు మేపుకుని బతికేవాళ్ళం. ఆయన మంచివాడే, పొద్దూకితే మాత్రం తాగుడు. ఎక్కడో పడిపోతే గొర్లు వాటంతటవే ఇల్లు చేరిన రోజులున్నాయి. ఆయన అన్న, మా బావగారు, కడుపులో క్యాన్సర్‌తో పోయారు. తమ్ముడు కాబట్టి ఈయన కూడా ఒకసారి చూపించుకోవాలని బావగారిని చూసిన డాక్టర్లు అన్నారు. ఏ నొప్పీ లేకపోయినా భువనగిరి తీసుకెళ్ళి కెమెరా గొట్టం వేయించాను. లోపల చిన్న గడ్డ కనబడింది. ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఫలితం కోసం నేనొక్కదాన్నే వెళ్ళాను. డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. ఏ జబ్బూ లేనివాళ్ళకు గొట్టం వేసి చూసినా ఇలాంటి గడ్డలు కనబడుతూనే ఉంటాయట, చాలావాటితో ఏ హానీ లేదట. ఈయనదీ అలాంటిదే. క్యాన్సర్ కాదు.

బస్సెక్కాక ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఈ మాట చెబితే ఇవాళే తాగి పండగ చేసుకుంటాడు కదా?

ఆయన గొర్ల దొడ్డి దగ్గరే ఎదురుచూస్తున్నాడు.

"ఏమన్నరు?"

"మంచిది గాదట."

"అన్నకొచ్చిందేనా?"

"ఇంకా గంత దూరం పోలేదట. తాగితె మాత్రం పెరుగుతదట."

ఆయన గొర్లను లోపలికి తోలి తడిక వేశాడు. తర్వాత అన్నాడు, "బిడ్డకు జెప్పకు."

ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. గెలిచాననుకున్నాను. మళ్ళీ డాక్టరుకు చూపించుకుంటానంటే, ఏదో ఒకటి చెప్పి నేనే ఆపాను.

మా బిడ్డకు అప్పుడే పద్దెనిమిది నిండాయి. ఇంటర్ అయ్యాక నర్సు చదువుకు పోవాలని దాని ఆశ. ఆయన కల్వకుర్తి సంబంధం తెచ్చాడు. తాను ఉండగానే పెండ్లి చూడాలన్నాడు. పిల్ల అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది. చివరికి ఆయనే దానికి గడ్డ సంగతి చెప్పేశాడు. అది లేచి, కళ్ళు తుడుచుకుని, సరేనంది.

నేనక్కడే ఉన్నాను. "ఆ గడ్డతో ఏం కాదు" అంటే చాలు, పెండ్లి ఆగిపోయేది. ఎందుకనలేదు? మళ్ళీ తాగుతాడని భయపడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజమే. కానీ అంతకంటే, ఇద్దరి ముందూ అబద్ధాలకోరుగా నిలబడాల్సి వస్తుందే అన్న సిగ్గే నా నోరు నొక్కింది, నా పరువు కాపాడుకోవడానికే నా బిడ్డ చదువును పోనిచ్చాను.

ఇప్పుడాయన గట్టిగా ఉన్నాడు. నా పెండ్లామే బతికించిందని నలుగురికీ చెబుతాడు. మొన్న బిడ్డ వచ్చినప్పుడు, ఇద్దరం చాటలో బియ్యం ఏరుతుంటే, తనే అంది:

"నా సదువు పోతే పోయిందమ్మా. నాయిన దక్కిండు."

నేను తలూపాను.

దాని చదువు జబ్బు వల్ల పోలేదు. నా వల్ల పోయింది. దానికి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు, వస్తుందో రాదో తెలియదు. కానీ ఈ మాట నా నోటితో అనడం ఇదే మొదటిసారి.