తప్పని రాయించిన సరైన లెక్క

ఇరవై రెండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేకపోయాను. బయటికీ అనలేకపోయాను. మావారు బతికున్నప్పుడు ఆయనకు చెబుదామని రెండు మూడుసార్లు మొదలుపెట్టి, వేరే మాటల్లోకి జారుకున్నాను. ఇప్పుడు మేడ్చల్‌లో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. చెప్పడానికి మనిషి లేడు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను లెక్కల టీచర్ని. శామీర్‌పేట దారిలో ఉన్న ఒక ప్రైవేటు బడిలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇది జరిగిన ఏడాదే నాకు క్రమశిక్షణ ఇన్‌ఛార్జి బాధ్యత కూడా ఇచ్చారు. ప్రార్థనలో వరుసలు, జడలు, బూట్లు, ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు. ఆ పని నాకు నచ్చింది. నేను వరండాలో నడుస్తుంటే తరగతులు ఒకదాని తర్వాత ఒకటి నిశ్శబ్దమయ్యేవి. ఆ నిశ్శబ్దాన్ని గౌరవం అనుకున్నాను. భయానికీ గౌరవానికీ తేడా తెలియని వయసు కాదు నాది. తెలుసుకోవాలనిపించలేదు, అంతే.

ఒక అమ్మాయి ఉండేది, సలోమి అందాం. అసలు పేరు వేరు. తొమ్మిదో తరగతి. గాజులరామారం నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. తండ్రి లేడు. తల్లి జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. సలోమి తెలివైనదని చెబితే సరిపోదు. జవాబు వచ్చాక కూడా పెన్ను కింద పెట్టని పిల్ల. వచ్చిన జవాబును మళ్లీ సమీకరణంలో పెట్టి, రెండు వైపులా సరిపోయిందా లేదా అని చూసుకునేది. ఆ అలవాటు నేర్పింది నేనే. ప్రతి తరగతిలోనూ చెప్పేదాన్ని. ఎవరు చెప్పినా నమ్మొద్దు, సరిచూసుకోండి, నేను చెప్పినా సరే అని.

ఆ రోజు మా కరస్పాండెంట్ సార్ పాఠం చూడటానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. నా ధ్యాసంతా అటే ఉంది. బోర్డు మీద 5x − 2(x − 6) = 42 అని రాశాను. బ్రాకెట్ విప్పేటప్పుడు లోపలి మైనస్ ప్లస్ కావాలి. మార్చలేదు. అలాగే దించేసి, x విలువ పద్దెనిమిది అని రాసి, కింద గీత కొట్టాను. పిల్లలందరూ రాసుకున్నారు.

సలోమి లేచి నిలబడింది. చెయ్యెత్తలేదు, అనుమతి అడగలేదు. "మేడం, పద్దెన్మిది పెడితె కుదుర్తలేదు. పది రావాలె" అంది.

ఇక్కడే మీకు నిజం చెప్పాలి. ఆ మాట వినగానే నా కళ్లు బ్రాకెట్ దగ్గరికి వెళ్లాయి. తప్పు కనిపించింది. తర్వాత ఇంటికెళ్లి తెలుసుకున్నది కాదు. ఆ క్షణంలోనే కనిపించింది. 'అవునమ్మా, గుర్తు మార్చడం మరిచాను' అంటే అయిపోయేది. నాలుగు మాటలు. కానీ వెనక బెంచీ నుంచి సార్ నన్నే చూస్తున్నారు. "మధ్యలో లేచి మాట్లాడమని ఎవరు చెప్పారు? బయటికి నడువు" అన్నాను. డస్టర్ తీసుకుని బోర్డంతా తుడిచేశాను.

అక్కడితో ఆగినా, అది ఒక టీచర్ చేసిన చిన్నతనంగా మిగిలిపోయేది. సార్ వెళ్తూ వెళ్తూ, ఈ పిల్ల సంగతేంటో చూడండి మేడం, క్రమశిక్షణ మీదే కదా అన్నారు. నేను తల్లిని పిలిపించాను.

మర్నాడు ఉదయం తల్లి వచ్చింది. స్టాఫ్ రూములో మేం ముగ్గురమే. సలోమి ముందు తెల్లకాగితం పెట్టి, క్షమాపణ రాయమన్నాను. ఏం రాయాలో నేనే చెప్పాను. 'తరగతిలో తప్పు లెక్క చెప్పి, మేడంను అవమానించాను.'

సలోమి పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "మేడం, అడగకుంట లేసి నిలవడ్డ. గది తప్పే. గది రాస్త. గని లెక్క తప్పని ఎందుకు రాయాలె? లెక్క తప్పు గాదు గద."

"క్రమశిక్షణ అంటే ఏంటో తెలుసా నీకు?" అన్నాను.

"మీరే జెప్పిండ్రు గద మేడం, జవాబు ఒచ్చినంక సరి సూస్కోవాలెనని. నేను గదే జేసిన."

పొగరుగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. తల్లి మధ్యలోనే అందుకుంది. "ఏయ్, నోర్ముయ్! మేడం కంటె నీకు ఎక్కువ ఎర్కనా? రాయి జల్దీ. మేడం, జర మాఫ్ జేయుండ్రి. షిఫ్టు ఇడిసిపెట్టి ఒచ్చిన. కొట్టుండ్రి, ఏమనను. బడిల నుంచి మాత్రం తీసేయకుండ్రి."

బడిలోంచి తీసేస్తానని నేననలేదు. తీసేయనని కూడా అనలేదు. ఆ భయాన్ని అలాగే గదిలో ఉండనిచ్చాను. "రెండూ రాయాలి" అన్నాను.

సలోమి తల్లి ముఖం చూసింది. నా ముఖం చూసింది. రాసింది. మర్నాడు ప్రార్థనలో అందరి ముందూ చదివింది. 'తప్పు లెక్క' అన్నచోట తలెత్తి ఒకసారి నా వైపు చూసింది. ఏడవలేదు.

నేను అదే వారంలో అలాంటి లెక్క ఇంకోటి తీసుకుని, సరిగ్గా చేసి చూపించాను, పాతదాని ఊసెత్తకుండా. సలోమి తల దించుకుని రాసుకుంది. ఆ తర్వాత నా తరగతిలో ఏనాడూ చెయ్యెత్తలేదు. జవాబు వచ్చాక నా వైపు చూసేది, నేను తల ఊపేదాకా పెన్ను కదిలేది కాదు. రిజిస్టర్లో నేను రాసిన మాట నాకు గుర్తుంది: ప్రవర్తన మెరుగుపడింది. పదో తరగతి ముగిసి వెళ్లిపోయింది. ఇంటర్లో లెక్కలు తీసుకోలేదని ఎవరో చెబితే విన్నాను. విని ఊరుకున్నాను.

తర్వాత ఎప్పుడో ఒక ఇంగ్లీషు పుస్తకంలో, గణితం ఒక డిసిప్లిన్ అని చదివాను. చదువుకునే శాస్త్రానికీ, నడుచుకునే పద్ధతికీ వాళ్లకు ఒకటే మాట. పుస్తకం మూసేశాను. ఆ రెండూ ఆ పిల్లలో కలిసే ఉండేవి. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని చంపింది నేను. వరుసలో నిలబడటం నేర్పాను సరే, మరి నా శాస్త్రానికి నేనెంత లోబడ్డాను? ఒక్క మైనస్ గుర్తు ముందు తల వంచలేకపోయానే!

పోయిన వేసవిలో నాకు జ్వరం, నీరసం. శామీర్‌పేటలో ఒక చిన్న ఆసుపత్రికి వెళ్లాను. వెంట ఎవరొచ్చారని అడిగారు. ఎవరూ లేరన్నాను. మంచం మీద పడుకోబెట్టారు. సెలైన్ పెట్టడానికి వచ్చిన నర్సు నన్ను చూసి ఆగింది.

"మీరు లెక్కల మేడం గద? నేను సలోమిని."

గుర్తుపట్టాను. మొహం నిండింది, కళ్లు అవే. నా చెయ్యి ఎంత మెల్లగా పట్టుకుందో చెప్పలేను. సూది గుచ్చింది తెలియలేదు. చీటీ చూసి, పెదాలు కదుపుతూ లెక్క వేసుకుంది: "అయిదొందల ఎమ్మెల్, అయిదు గంటలు, ఎమ్మెల్‌కు పదిహేను సుక్కలు... నిమిషానికి ఇరువై అయిదు." నేనూ మనసులో వేశాను. సరిగ్గా ఇరవై అయిదే.

అయినా గొట్టం మీద చెయ్యి పెట్టలేదు. పక్క గదిలోంచి ఇంకో నర్సును పిలిచింది. ఆ అమ్మాయి చూసి సరేనని వెళ్లాకే చుక్కలు వదిలింది. రోగి ప్రాణం కదా, ఇద్దరు చూడటం మంచిదే అని నాకు నేను చెప్పుకోబోయాను. సలోమి చెప్పుకోనివ్వలేదు.

"లెక్కల కాడ నా మీద నాకే నమ్మకం లేదు మేడం. చిన్నప్పటి సంది గంతే. మీకు ఎర్కే గద, మీ ముంగటనే తప్పు లెక్క జెప్పి ఎంత లొల్లి జేసిన్నో!"

నవ్వింది. నేనూ నవ్వాను.

మీరు గమనించారా? నేనూ నవ్వాను. అయిదు గంటలు ఆమె అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. దుప్పటి సర్దింది, టీ తెప్పించింది. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. ఈసారి వెనక బెంచీలో ఎవరూ లేరు. పోవడానికి ఉద్యోగం లేదు. మరి దేనికి భయం? ఆమె గౌరవించే మేడం ఒకరు ఇంకా బతికి ఉన్నారు. నన్ను తలుచుకునే మనుషులే తక్కువైన ఈ రోజుల్లో, ఆ ఒక్క మేడంను చంపుకోలేకపోయాను. మొదటి తప్పు నలభైమంది ముందు చేశాను. ఈ రెండోది, ఎవరూ చూడకుండా, ఆమె చెయ్యి నా చేతి మీద ఉండగా చేశాను. ఇదే పెద్దది.

తర్వాత ఒకసారి మళ్లీ వెళ్లాను. గేటు దాకా. లోపల ఆమె ఎవరి బిడ్డనో ఎత్తుకుని ఊపుతోంది. తిరిగి బస్సెక్కాను.

ఆ లెక్క నువ్వే సరిగ్గా చేశావమ్మా, తప్పు నాది, నాకు అప్పుడే తెలుసు. ఈ మాట వినాల్సింది మీరు కాదు. అది నాకు తెలుసు. మీకు చెబితే ఆమెకు పోయింది తిరిగిరాదు. అయినా రాశాక గొంతులో కొంచెం తేలిక. ఈ తేలిక కూడా ఆమెకు దక్కాల్సిందే. నేను తీసుకుంటున్నాను.