అడుగు మూయని గుంట

జమలయ్య నలభై ఏళ్ళు బాపట్ల చుట్టుపక్కల నూతుల్లో ఒరలు దించాడు. మొండి మనిషి. పనిలో ఎవరి మాటా వినడు. వినాల్సిన అవసరమూ అప్పటిదాకా రాలేదు.

వాడిన నీటిని శుద్ధి చేసుకోవడం నేర్పడానికి నిరుడు వేసవిలో పిట్టలవానిపాలెం వెళ్ళినప్పుడు నాకు పరిచయమయ్యాడు. స్నానం చేసిన నీళ్ళు, గిన్నెలు, బట్టలు కడిగిన నీళ్ళు ఒక గుంటలోకి మళ్ళించాలి. కంకర, ఇసుక, మెట్టతామర వేళ్ళ మధ్య తేరుకుని అవి అరటిచెట్లకు పారాలి. గుంట అడుగున సిమెంటు పోసి తీరాలని, కాలువలు వదిలితే భూమిలో నీరు పైకొచ్చి ఈ మురుగుతో కలుస్తుందని చెప్పాను.

అందరికంటే ముందు తవ్వింది జమలయ్యే. సిమెంటు మాత్రం పోయలేదు.

“అడుగు మూయడం మా చేతికి రాదు సార్. మూస్తే ఊట చస్తుందండి,” అని నవ్వాడు. “నడుంలోతు తవ్వినా చెమ్మ లేదు, చూడండి.”

మే నెలలో చెమ్మ ఎందుకుంటుంది? నూతిపని వాళ్ళు ఎప్పుడూ కాలువలు కట్టేశాకే తవ్వుతారు. అదే కంటితో గుంటనీ చూశాడు. నేను పట్టుబట్టాల్సింది. పెద్దాయన కదా అని ఊరుకున్నాను. ఆ మెతకతనం మీద నాకిప్పటికీ కోపమే.

కాలువలొచ్చాయి, నాట్లు పడ్డాయి. గుంటకు నాలుగు బారల దూరంలోనే వాళ్ళ చేతిపంపు. మంచాన పడ్డ అత్తగారి గుడ్డలు జమలయ్య భార్య శేషమ్మ రోజూ ఉతికేది. ఆ నీళ్ళూ గుంటలోకే. డాక్టరు చెప్పారని అత్తగారికి డబ్బా నీళ్ళు కొనేవారు. జమలయ్య పగలంతా పనిచోటే తాగేవాడు. పంపు నీళ్ళు తాగేది శేషమ్మ ఒక్కతే. మా ఆయన వేసిన పంపుండగా నాకు కొన్న నీళ్ళేంటి అనేది.

ఆగస్టులో ఆమెకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజు తెనాలి తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. పంపు నీళ్ళు పరీక్ష చేయించింది నేనే. గుంట మురుగు కలిసిందని ఆయనకు చెప్పిందీ నేనే.

ఈ మే నెలలో మళ్ళీ వెళ్ళాను. గుంటలో కంకరంతా ఎత్తిపోసి, ఒక్కడే కూర్చుని అడుగున సిమెంటు మెత్తుతున్నాడు. నన్ను చూసి తాపీ పక్కన పెట్టాడు.

“నీళ్ళు సబ్బు వాసనేస్తున్నాయని చెప్పింది సార్. నీ చేతుల వాసనేలే అన్నాను. పాపం, వెళ్ళి చేతులు కడుక్కునొచ్చి మళ్ళీ తాగి చూసిందండి.”