దేవరకి మొక్కిన ట్రైలర్

2019లో వానలు వెనకబట్టిన రోజులవి. యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, పజుండౌంగ్ కాలువ పక్క వీధిలో నాకు బ్రేకుల షెడ్డు ఉంది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో బస్తాలు మోశాడు. మా నాన్న లారీలు తోలాడు. నేను లారీలు ఆపే పని పట్టుకున్నాను. ఇంజన్ సంగతి ఎవరైనా అడిగితే పక్క వీధికి పొమ్మంటాను. బండి కదలకపోతే మనిషి నడిచైనా ఇంటికి పోతాడు, ఆగకపోతేనే కష్టం. అందుకని ఈ పనంటే నాకు కొంచెం గర్వం కూడా ఉంది.

ఒక మధ్యాహ్నం వీధి మలుపులో హారన్ల గోల వినబడి బయటికొచ్చాను. పాత జపాన్ పికప్ ఒకటి ఆయాసపడుతూ వస్తోంది. దాని వెనక ఒక తెల్లటి ఇల్లు. చక్రాలున్న ఇల్లు, కిటికీకి పూలపూల కర్టెన్. ట్రావెల్ ట్రైలర్ అంటారు దాన్ని. లోపల మంచం, చిన్న వంటగట్టు, బయటికి తలుపు ఉంటాయి, ఇంజన్ మాత్రం ఉండదు. ముందు బండి ఈడ్చుకుపోవాలి. బొమ్మల్లో చూడడమే గాని మా వీధిలో అలాంటిది ఎవరూ ఎరగరు. సైకిల్ రిక్షావాళ్ళు బేరాలు వదిలేసి చుట్టూ మూగారు. నేను అందరికంటే ముందున్నాను, అబద్ధమెందుకు.

తోలుకొచ్చింది మింగళ తౌంగ్‌న్యున్ పేటలో ఉండే సింహాద్రి. పక్కన అతని భార్య రత్నమ్మ. ఇద్దరూ పగోడా తీర్థాలకి, అంటే ఉత్సవాల సంతలకి తిరిగి గాజులు, దువ్వెనలు, ప్లాస్టిక్ బొమ్మలు అమ్ముకుంటారు. మా పిన్ని అత్తవారి వైపు నుంచి ఏదో చుట్టరికం ఉంది. అది తవ్వితే తేలేది కాదు గాని రత్నమ్మ నన్ను అన్నయ్య అంటుంది, సింహాద్రి బావా అంటాడు.

"ఏటిది సింహాద్రీ, ఇల్లు ఈడ్సుకొచ్చినావు?" అన్నాను.

"మీ సెల్లెలు కోరిక బావా. టూరిస్టుల కంపెనీ ఏదో మూసీసినారు, ఇది అమ్మకానికెట్టినారు. కొనీసినాం. ఇప్పుడు దారిలో పొగొత్తంది, సూడు."

"ఏ పొగ?"

"పికప్ ముందు సక్రాల కాడ. బ్రేకు నొక్కితే పెడలు మెత్తగా లోపలికి పోతంది. మొన్న బగో ఊరి బజార్లో బస్సుకి జానెడు దూరంలో ఆగినాం."

ఇది మా పనిలో బ్రేక్ ఫేడ్ అనే జబ్బు. బ్రేకులు మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు మోసి, కాలిపోయి, పట్టు వదిలేస్తాయి. పాత పికప్‌కి అంత పెద్ద ట్రైలర్ తగిలిస్తే అది వింతేం కాదు. కాకపోతే ఈ ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉన్నాయి. ఓవర్‌రన్ బ్రేకులంటారు. ముందు బండి నెమ్మదిస్తే వెనకది తోసుకొస్తుంది కదా, ఆ తోపుడుకే ట్రైలర్‌ని పికప్‌కి తగిలించే మూతి దగ్గరి రాడ్ లోపలికి జరిగి, తీగ లాగి, దాని చక్రాలకి బ్రేకులు వేస్తుంది. ఎవరు కనిపెట్టారో గాని మహానుభావుడు. తోసేవాడి బలంతోనే తోసేవాణ్ణి ఆపుతాడు.

దానికొక లోపం ఉంది. బండిని వెనక్కి నడిపినా రాడ్ మీద అదే తోపుడు పడుతుంది. దానికి తేడా తెలియదు, బ్రేకు పట్టేస్తుంది. అందుకని వెనక్కి నడిపేముందు రాడ్ కదలకుండా ఒక పిన్ను గుచ్చాలి. పనయ్యాక మరిచిపోకుండా తీసెయ్యాలి. తీయకపోతే ట్రైలర్‌కి బ్రేకులు లేనట్టే, బరువంతా పికప్ మీదే. నేను మొదట అడిగింది ఆ మాటే.

"దారిలో ఎక్కడైనా ఎనక్కి నడిపినావా?"

"ఎక్కడా నేదు బావా. తిన్నగా తీర్తానికి పోడమే. అక్కడ నిలబెట్టినప్పుడే ఎనక్కి పోతాం." రత్నమ్మ కూడా లేదన్నట్టు తలూపింది. పిన్నేమో గాజుల పెట్టెలో భద్రంగా ఉంది.

ఇంకో విచిత్రం చెప్పారు. వెళ్ళేటప్పుడే పొగ. వచ్చేటప్పుడు ఏమీ ఉండదు, బండి పెళ్ళికూతురిలా వస్తుంది. పోయేటప్పుడు సరుకు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా ఉంటుంది కాబట్టి బరువే కారణమనుకున్నాను. బొమ్మల బస్తాలు సగం తగ్గించమన్నాను, మిగిలినవి ట్రైలర్ చక్రాల మీదికి వచ్చేట్టు సర్దించాను. బ్రేకు ఆయిల్ మార్చాను, గొట్టాలు మార్చాను. కాలువ పక్క రోడ్డులో నేనే తోలి చూశాను. రాడ్ వెన్నలా జరుగుతోంది, చక్రాలు పట్టాల్సినప్పుడు పడుతున్నాయి. "ఏం పరవానేదు, ఎల్లిరండి" అని పంపేశాను.

తరువాతి తీర్థానికి పోతూ మళ్ళీ పొగ వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఏమీ లేదు.

ఈసారి రత్నమ్మ ఒక్కతే బస్సెక్కి షెడ్డుకి వచ్చింది. స్టూలు మీద కూర్చుంది. నేను టీ తెప్పించాను.

"అమ్మీత్తాం అన్నయ్యా," అంది టీ తాగి. "తన్‌లిన్‌లో ఒకాయన లాటరీ కొట్టు పెట్టుకుంటానని అడుగుతన్నాడు."

"అప్పుడేనా?"

"దేవర ఒప్పుకోనేదు. నువ్వే సూడు. బగో దారిలో నాట్ దేవర గుడి దాకా బండి బాగా ఎల్తాది. దండం ఎట్టుకుని బయల్దేరినాక పొగొత్తాది. వచ్చేటప్పుడు అక్కడ ఆగం, పొగ రాదు. ఇంకేటి సెప్పాల ఆయన?"

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, అంత చక్కటి లెక్క నేను కట్టలేకపోయినందుకు. గుడి దాకా బాగుంటుందన్న ముక్క సింహాద్రి నాకు చెప్పనేలేదు.

"అంత ఇష్టంగా కొన్నావు గదమ్మా," అన్నాను.

"ఇష్టం నీకేటి సెప్పను. పెల్లయిన కాడ్నుంచి తీర్తాల్లో బల్ల కింద సాపే. వానొత్తే కూకునే తెల్లారిపోతాది. సీర మార్సుకోవాలంటే ఈయన దుప్పటి అడ్డంగా పట్టుకోవాల, దారినపోయేవోలు నవ్వుకుంటా పోతారు. తలుపేసుకుని పడుకునే మంచం ఒకటి అడిగినాను. అంతే అడిగినాను. అది కూడా నాకు రాసిపెట్టి నేదేమో."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా ఆవిడ ఇంట్లో తలుపు ఉందన్న సంగతి ఎప్పుడైనా తలుచుకుందా అనిపించింది. "ఈసారి నేనూ వత్తాను. అప్పుడు కూడా పొగొత్తే అమ్మీసుకోండి," అన్నాను. రత్నమ్మ సరేనంది. ఇదే ఆఖరుసారని కూడా అంది.

బయల్దేరిన రోజు నేను పికప్ వెనక తొట్టిలో, బెంచీ మీద కూర్చున్నాను. అక్కడి నుంచి ట్రైలర్ మూతి నా కళ్ళెదురుగా ఉంటుంది. సింహాద్రి నెమ్మదించినప్పుడల్లా రాడ్ లోపలికి పోతోంది, ఊపందుకోగానే బయటికొస్తోంది, ఆవు నాలుక చాపి ముడుచుకున్నట్టు. ఊరు దాటేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఏ తేడా లేదు. ఇంత బాగా పనిచేసే వస్తువు ఒక గుడి దాటగానే ఎందుకు మానేస్తుందో తెలుసుకోవాలని లోపల ఒకటే పీకులాట.

బగో దారిలోని ఆ గుడి సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. నాట్ అంటే ఇక్కడి గ్రామదేవత లాంటి దేవర. బర్మావాళ్ళూ, మనవాళ్ళూ, దూరం పోయే డ్రైవర్లందరూ అక్కడ ఆగుతారు. మనిషితో పాటు బండి కూడా దండం పెట్టాలి. గుడికి ఎదురుగా నిలబెట్టి, కాస్త ముందుకి, కాస్త వెనక్కి, మూడుసార్లు నడుపుతారు. ఆ తరువాత బండి ముందు బంపర్‌కి తబ్యే కొమ్మలు, మల్లెదండలు కడతారు. తబ్యే అంటే నేరేడు జాతి ఆకు, శుభానికి వాడతారు. కొత్త బండి కొన్నవాళ్ళు తప్పనిసరిగా చేస్తారు. రత్నమ్మ ప్రతి ప్రయాణానికీ చేయిస్తుంది. నేను లోపలికి పోయి నా దండం నేను పెట్టుకున్నాను. పనిలో పనిగా నా బుర్రకి కాస్త వెలుతురు ఇమ్మని కూడా అడిగాను.

తిరిగొచ్చేసరికి బండి దండం అయిపోయింది. పికప్ బంపర్‌కి పూలు కట్టేశారు. ట్రైలర్‌కి బంపర్ ఎక్కడిది? దాని మూతికే కొమ్మలూ దండలూ గుబురుగా కట్టింది రత్నమ్మ. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. నేను గబగబా తొట్టిలోకెక్కాను, బయల్దేరాం.

కొంచెం దూరం పోయామో లేదో ముందు ఎడ్లబండి అడ్డొచ్చింది. సింహాద్రి బ్రేకు నొక్కాడు. వెనక నుంచి ఎవరో భుజంతో నెట్టినట్టు పికప్ ముందుకి జరిగింది. నేను బెంచీ పట్టుకున్నాను. దారి పొడుగునా ఒక్కసారి కూడా తగలని తోపుడు అది. రాడ్ వైపు చూస్తే రాడ్ కనబడలేదు. మల్లెపూలు కనబడుతున్నాయి.

క్యాబిన్ కప్పు మీద దబదబా బాది బండి ఆపించాను. దిగి, పూలు పైకెత్తి చూశాను. పిన్ను గుచ్చి ఉంది.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. వెనక్కి నడిపారా అని నేను అడిగాను, లేదని వాళ్ళు చెప్పారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. దేవరకి పెట్టిన దండాన్ని ఎవరైనా వెనక్కి నడపడం కింద లెక్కేస్తారా? నా సొంత బండి చేత అక్కడే దండం పెట్టించినవాణ్ణి, నాకే తట్టలేదు.

"ఎవరు పెట్టినారిది?" అన్నాను.

"నేనే," అంది రత్నమ్మ. "మొదటిసారి దండం కాడ సక్రాలు బిగుసుకుపోనాయి. పిన్ను పెట్టమని ఈయనే సెప్పినాడు. అప్పట్నుంచీ నేనే దిగి పెడతన్నాను."

"మరి తీసేదెవరు?"

ఆమె భర్త వైపు చూసింది. "నువ్వు తీత్తన్నావు కదేటి?"

"నేనక్కడ సీట్లోంచి దిగుతానేటే? పెట్టినదానివి నువ్వే తీసి పూలు కడతన్నావనుకున్నాను," అన్నాడు సింహాద్రి.

"తీయాలని నాకెవరు సెప్పినారు? తీర్తం కాడ నిలబెట్టినాక, ఎండిపోయిన పూలతో పాటు తీసి పెట్టిలో ఏసీదాన్ని. పోతాదేమోనని."

అంతే సంగతి. గుడి నుంచి తీర్థం దాకా ట్రైలర్‌కి బ్రేకులు లేవు. పూలు ఎండాక పిన్ను పెట్టెలోకి పోయేది, అందుకే వచ్చేటప్పుడు బండి బంగారంలా వచ్చేది. నేను గట్టిగా నవ్వేశాను, సింహాద్రి కూడా నవ్వాడు. రత్నమ్మ నవ్వలేదు.

"అయితే అన్నయ్యా," అంది మెల్లగా, "దేవర ఒద్దన్నేదా?"

"ఎందుకు ఒద్దంటాడమ్మా? నువ్వు కట్టిన పూలకి మురిసిపోయి ఉంటాడు."

ఆమె రోడ్డు పక్కనే, ట్రైలర్ మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నా పట్టించుకోలేదు. ఎన్నో బళ్ళు బాగుచేశాను గాని బాగైనందుకు ఒక మనిషి ఏడవడం అప్పుడే చూశాను. నాకు మనసు నిండిపోయింది.

నేను పిన్ను లాగబోతే రత్నమ్మ ఆపింది. "దేవర పేరున కట్టిన పూలు దారిలో కదపొచ్చునా?"

"బ్రేకుల్నేకుండా పోతే తిన్నగా దేవర కాడికే పోతాం," అన్నాడు సింహాద్రి.

ఆమె అతన్ని కసిరి, లేచి, మూతి దగ్గరున్న పూలు కాసేపు చూసింది. తరువాత మల్లెదండ ఒకటి విప్పి పిన్ను కొసన ఉన్న రింగులోంచి దూర్చి ముడేసింది. పిన్ను లాగింది. పిన్నూ దండా కలిసి చేతికొచ్చాయి. వాటిని తీసుకెళ్ళి డ్రైవర్ ముందున్న అద్దానికి వేలాడదీసింది.

"ఇకనుంచి దేవర పూలు ఇక్కడే. పిన్నూ ఇక్కడే. పూలు అద్దానికి నేకపోతే బండి కదలదు," అంది.

మా దేశంలో బళ్ళు రోడ్డుకి కుడి పక్క నడుస్తాయి, జపాన్ బండికి స్టీరింగు కూడా కుడి పక్కే. ముందు బండిని దాటాలంటే ఎదురు ఏమొస్తోందో డ్రైవరుకి కనబడదు, ఎడమ పక్క కూర్చున్న మనిషే చూసి చెప్పాలి. అన్నేళ్ళుగా సింహాద్రికి రోడ్డు చూసి చెబుతున్నది రత్నమ్మే. కాబట్టి ఆ పూల కాపలా సరైన మనిషికే దక్కింది. ఆ రోజు బగో బజారు రద్దీలో ఆగుతూ, కదులుతూ పోయినా పొగ లేదు. తీర్థం చేరాక పికప్ చక్రం మీద చెయ్యి వేసి చూశాను, టీ గ్లాసంత వెచ్చగా ఉంది.

అప్పటి నుంచి నా షెడ్డుకి ఏ బండి వచ్చినా ప్రశ్నలు మార్చి అడుగుతున్నాను. బండికి ఏమైందని అడగను. ఇంటి నుంచి బయల్దేరి ఏమేం చేశారు, ఎక్కడ ఆగారు, ఎవరు దిగారు, ఎవరికి మొక్కారు, అన్నీ వరసగా చెప్పమంటాను. కొందరు విసుక్కుంటారు. పోలీసువా, బ్రేకులవాడివా అని ఒకాయన అడిగాడు కూడా. విసుక్కోనీ. సగం జబ్బులు బండిలో ఉండవు, బండితో మనం చేసే పనుల్లో ఉంటాయి. ఆ పనులు మనకి ఎంత అలవాటైపోతాయంటే, అడిగినా మనకి గుర్తురావు.

తీర్థం నుంచి తిరిగొచ్చాక వాళ్ళు షెడ్డు ముందు ట్రైలర్ ఆపి, అన్నం తినిపోమని నన్ను లోపలికి పిలిచారు. మంచం మీద ఉతికిన దుప్పటి ఉంది, కిటికీ పక్కన గాజుల పెట్టె ఉంది. రత్నమ్మ కంచం నా చేతికిచ్చి, తినబోతుంటే ఆపింది.

"ఉండన్నయ్యా," అంది. వెళ్ళి తలుపు వేసింది. గడియ పెట్టింది. వీధి గోల సగానికి తగ్గింది. "ఇప్పుడు తిను."