సబ్బు రివెట్లు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు చెప్పేస్తాను.

తొంభైల చివర్లో సంగతి. తుఫాను వెలిసిన మర్నాడు సహాయపు డ్యూటీ మీద మా మిలిటరీ యూనిట్ నల్లపాడులో రైలు దిగింది. సన్నటి వాన. మోకాళ్ళదాకా బురద. ప్రత్తిపాడులో ఒక పత్తి గోడౌన్లో మకాం. తడిసిన మిరపకాయలు కుళ్ళి, ఆ కంపు అన్నంలోకీ వచ్చేది. నేను మెకానిక్‌ని. నా వయసుకంటే పెద్దవి రెండు మోటార్‌సైకిళ్ళు నాకు అప్పగించారు.

"రేపు పెద్దసారు తనిఖీ. బళ్ళు మెరవాల," అని మా హవల్దారు వెండిరంగు డబ్బా నా ముందు పెట్టాడు. ఆయనా మన జిల్లావాడే.

మధ్యాహ్నం రేడియోలో సముద్రపొడ్డునున్న మా జట్టు పలికింది. "వాడరేవు నుంచి. పిల్లలకు వాంతులు, విరేచనాలు. సెలైన్ అయిపోయింది. వెంటనే పంపండి. ఓవర్."

రోడ్డు తెగింది. లారీ పోదు. మోటార్‌సైకిలే పోవాలి. బండి నడిపే రైడర్ సెలైన్ సీసాలు సర్దుతుంటే నేను వెనక చక్రం చూశాను. చైను తిప్పే పళ్ళచక్రం, అదే స్ప్రాకెట్, బ్రేకు డ్రమ్ముకు రివెట్లతో బిగించి ఉంటుంది. ఒక రివెట్ తలను గోటితో గీరాను. ఊడొచ్చింది. వాసన చూశాను. బట్టల సబ్బు! పోయిన తనిఖీకి ఎవరో ఖాళీ రంధ్రాల్లో సబ్బు కూరి, పైన రంగు పూశారు.

"సామాన్ల పెట్టెలో కొత్త రివెట్లున్నాయి సార్. తీస్తా," అన్నాను హవల్దారుతో.

"తియ్యమాక. పెట్టె నిండుగా చూపించాల. సీలు తెగితే నా పరువు పోద్ది."

"అక్కడ పిల్లలు పోతారు సార్!"

"ఇన్నాళ్ళూ తిరగలా? ఇవాళా తిరుగుద్దిలే."

రైడర్ నా చెవిలో అన్నాడు: "ఒరేయ్, సబ్బు బండి మీద పోతే దారంతా నురగేరా. సీలు తెంపెయ్."

తెంపాను. నూనె కాగితంలో నిగనిగలాడుతున్నాయి, చూపించడానికే పుట్టినట్టు. చక్రం విప్పి డ్రమ్ము బయటికి తీశాను. ఎదురింటామె చూరు కింద దాచిన ఎండు పత్తికట్టె ఇచ్చింది. అందులో మిరప తొడిమలు కలిసున్నాయేమో, పొగకు అందరికీ ఒకటే దగ్గు.

"సాయానికొచ్చారా నాయనా, పొగబెట్టి చంపడానికొచ్చారా?" అంటూనే ఆమె విసనకర్రతో మంట విసిరింది.

రివెట్‌ను ఎర్రగా కాల్చి, పట్టకారుతో రంధ్రంలో దించి, ఇనుపదిమ్మె మీద ఆనించి సుత్తితో కొట్టాను. తోక పరుచుకుని రెండో తల అయ్యేదాకా కొట్టాలి. చల్లారేకొద్దీ అదే బిగుసుకుంటుంది. అన్నీ బిగించాక రైడర్ బయలుదేరాడు. పొద్దుపోయాక రేడియోలో కబురొచ్చింది: "సెలైన్ అందింది. ఎక్కిస్తున్నాం. ఓవర్."

మర్నాడు తనిఖీ. రెండో బండి మెరుపు చూసి పెద్దసారు హవల్దారు భుజం తట్టాడు. పెట్టెలో ఖాళీ గడి చూసి నాకు వారం పాటు అదనపు కాపలా వేశాడు.

ఆ మధ్యాహ్నం రైడర్ తిరిగొచ్చాడు. పిల్లలు తేరుకున్నారట. ఇల్లు కూలిపోయిన ఒక తల్లి, మిగిలిన నాలుగు ఎండుచేపలూ ఇచ్చి, "బండి బాగుచేసినాయనకియ్యి బాబూ," అందట. వాటిని రైడర్ నా చేతిలో పెట్టాడో లేదో, "ఇటు తే," అని హవల్దారు లాక్కుని నిప్పుల మీద కాల్పించుకున్నాడు.

పని ముగిశాక నల్లపాడులోనే రైలెక్కాం. తర్వాత సర్వీసు అయిపోయింది, ఇంటికొచ్చాను. ఎందరి మొహాలో మరిచాను. ముల్లు చీకుతూ, వేళ్ళు నాక్కుంటూ, "ఇంకోటుందా?" అన్న ఆ హవల్దారు నోరు మాత్రం కళ్ళముందు నుంచి పోదు.

మీ ఇల్లు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. మీకని పెట్టిన ముద్ద మీ నోటికే అందాలి.